ఐదో మూత

మా బావ పోయాడన్న మాట నాకు ఫోన్లో తెలిసింది. ఆ సమయంలో నేను గోదావరిఖనిలోని నా ఫ్లెక్సీల దుకాణంలో కూర్చుని, ఎవరిదో పుట్టినరోజు బ్యానరుకు గులాబీ పూల అంచు వేస్తున్నాను. ఫోన్ చేసినవాడు ముందు "దవాఖానకు రా అన్నా" అన్నాడు. తర్వాత "జల్ది రా" అన్నాడు. ఏమైందో చెప్పమని నేను అరిస్తే, "ఇగ లేడన్నా" అని పెట్టేశాడు. మంథని రోడ్డు మీద బండి పక్కకు ఆపి కిందికి దిగిన మనిషిని వెనక నుంచి వచ్చిన లారీ కొట్టిందట. దవాఖానకు తెచ్చేలోపే అయిపోయిందట.

నేను వెళ్ళేసరికే అక్కడ గుమిగూడిన వాళ్ళ నోళ్ళలో ఒక మాట తిరుగుతోంది. "చక్రం క్యాపు ఊడి పడ్డదట. అది తెచ్చుకుందామని రోడ్డు మీదికి పోయిండట." పడిపోయినప్పుడు కూడా ఆ క్యాపు ఆయన చేతిలోనే ఉందట. పోలీసాయన బావ చెప్పులు, తువ్వాల, కళ్ళద్దాలు ఒక సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు. వాటితోపాటు నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి. చక్రం నడుమ, ఇరుసు కనబడకుండా బిగించే మూత అది. చాయ్ సాసరంత ఉంటుంది. దాన్ని చూడగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ మూత మీద వచ్చిందో, బావ మీద వచ్చిందో అప్పుడు నాకే తెలియదు.

నా పనే చావులకు, పుట్టినరోజులకు అక్షరాలు పేర్చడం. 'మీ ఆశయాలు సాధిస్తాం', 'మీరు లేని లోటు తీరనిది' అని ఎంతమందికి టైపు చేశానో. ముందు పేరు మారుస్తాను, ఫోటో మారుస్తాను, మిగతాదంతా అట్లాగే ఉంచుతాను. బావ ఫ్లెక్సీకి మాత్రం చేతులు ఆడలేదు. ఆ మాటల్లో ఒక్కటీ ఆయనకు సరిపోలేదు. ఆయనకు ఆశయాలు లేవు. ఉన్నదల్లా ఒక పాత పికప్ బండి, దాని నాలుగు చక్రాలకు నాలుగు మూతలు. అందుకే ఫ్లెక్సీలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

బావ మా అక్కను చేసుకునే నాటికి నేను ఇంకా బడికి పోతున్నాను. బావది మంథని దగ్గరి పల్లె. వ్యవసాయం వదిలి బాయి పనిలో చేరాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటాం. అక్కడ ఆయనది సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు, దూలాలు నిలబెట్టడం. నిలబెట్టే ముందు గడ్డపారతో పైకప్పును కొట్టి చూడాలి. గట్టిగా ఖంగుమంటే ఫరవాలేదు. డొల్ల మోత వస్తే లోపల రాయి విడిపోయిందన్న మాట. అక్కడి నుంచి మనుషుల్ని పక్కకు జరపాలి. ఇరవై ముప్పై ఏళ్ళు ఆ మోతలు విన్న చెవులు ఇంటికొచ్చినా ఊరుకునేవి కావు. పుచ్చకాయను, గ్యాస్ సిలిండరును, కొత్తగా పెట్టిన తలుపును, అన్నిటినీ వేలి కణుపుతో కొట్టి తల వంచి వినేవాడు. నేను పరీక్ష తప్పిన రోజున నా నెత్తి మీద కూడా కొట్టి విన్నాడు.

"డొల్ల మోతొస్తంది బామ్మర్ది. గీడ ఒక సపోర్టు పెట్టాలె" అన్నాడు.

ఇంట్లో అందరూ తిడుతున్న వేళ ఆ ఒక్క మాటకు నేను నవ్వాను. మరుసటి వారం ట్యూషన్లో చేర్పించింది కూడా ఆయనే. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తి చూపలేదు.

రిటైరయ్యాక బావ పాత పికప్ బండి ఒకటి కొన్నాడు. కూతురి పెళ్ళి చేసి గోలేటికి పంపాడు, ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయని మంథని వైపు పల్లెల నుంచి కూరగాయలు ఎత్తుకొచ్చి గోదావరిఖని మార్కెట్లో దించేవాడు. బండి కొన్న రోజున దాని చక్రాలకు ఒక్క మూత కూడా లేదు. నడుమ నట్టు, దాని చుట్టూ తుప్పు, తుప్పు మీద బొగ్గు బురద. మిగతా ఎవరైనా దాన్ని చూసి చూడనట్టు వదిలేస్తారు. బావ వదలలేదు.

"టోపీ లేకుంట బాయిల దిగుతరా?" అని నన్ను అడిగాడు.

"బావా, అది బండి."

"బండికి మాత్రం నెత్తి ఉండదా?"

రామగుండం పోయి నాలుగు మూతలు తెచ్చాడు. మొదటి వారంలోనే ఒకటి ఊడిపోయింది. మా రోడ్లు తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. బొగ్గు లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ రోడ్లు, వానొస్తే ఆ గుంతల్లో నల్లటి నీళ్ళు. ఎండాకాలం రామగుండం ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. బరువుతో, బ్రేకులతో చక్రం నడుమ భాగం కాలిపోతుంది. మూత వెనక ఉండే ప్లాస్టిక్ పళ్ళు మెత్తబడి పట్టు వదిలేస్తాయి. అప్పుడు ఒక గుంత చాలు, అది రోడ్డు మీద దొర్లిపోతుంది.

టైరు షాపువాడు సుత్తె పెట్టి బాది బిగించాడు. రెండు పళ్ళు విరిగాయి. ఇంకొకడి సలహా మీద బావ గట్టి గమ్ము పెట్టి అంటించాడు. అది పట్టుకుంది, మామూలుగా కాదు, చచ్చేలా పట్టుకుంది. తర్వాత మంథని దగ్గర పంక్చరైతే మూత రాదు, నట్లు విప్పడం కుదరదు. చివరికి స్క్రూడ్రైవరుతో పగలగొట్టారు. ఆ ముక్కలు జేబులో వేసుకొని ఇంటికొచ్చి అక్కకు చూపించాడట, చిన్న పిల్లవాడు విరిగిన బొమ్మ చూపించినట్టు.

ఆ తర్వాత తనే ఒక పద్ధతి కనిపెట్టుకున్నాడు. పళ్ళు కూర్చునే గాడిలో చేరిన బొగ్గు పొడిని పాత టూత్‌బ్రష్‌తో గీకి తీసేవాడు. అది పాతదేనని ఆయన, కాదని అక్క, ఆ పంచాయితీ చాలా రోజులు నడిచింది. సైకిల్ ట్యూబును సన్నగా కోసి మూత అంచు చుట్టూ తొడిగేవాడు. తర్వాత అరచేత్తో చుట్టూ సమంగా నొక్కుకుంటూ పోయేవాడు. "సుత్తెతోని కొడితే ఒక్క పక్కకే దిగుతది రా, చెయ్యితోని నొక్కితే అన్ని పక్కల దిగుతది" అనేవాడు. ఆఖరికి ఎర్రగా కాల్చిన సూదితో మూతకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, తీగ దూర్చి, చక్రానికి ఉన్న కన్నంలోంచి తీసి వెనక మెలిపెట్టేవాడు. ఆ తీగ కూడా బాయిదే. బొగ్గు పేల్చడానికి వాడే రంగురంగుల సన్న తీగ అది. ముక్కలు ఇంటికొస్తే మా వైపు ఆడవాళ్ళు వాటితో సంచులు, బుట్టలు అల్లుతారు. అక్క అల్లగా మిగిలిన కట్టలోంచి పసుపుది, ఎరుపుది తీసి వాడేవాడు. బండి మార్కెట్లోకి వస్తుంటే హమాలీలు "పెండ్లికొడుకు వచ్చిండు" అనేవాళ్ళు.

అయినా ఎండాకాలంలో మళ్ళీ ఒకటి ఊడింది. అప్పుడు బావ నిజంగా దిగులుపడ్డాడు. ఎందుకంటే ఆ పొద్దున్నే నాలుగు మూతల్నీ వేలితో కొట్టి విన్నాడు. నాలుగూ గట్టి మోతే ఇచ్చాయి. బాయిలో ఏనాడూ మోసం చేయని చెవి పైకొచ్చాక మోసం చేసిందని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు నా దుకాణానికి వచ్చి నిలబడ్డాడు.

"తప్పు నాదే బామ్మర్ది. బాయిల పేలుడు అయినంక పైకప్పు కొట్టి చూస్తం. ముందు చూసి లాభమేంది? నేను బండి సల్లగున్నప్పుడు చూసిన. అప్పుడు ప్లాస్టికు గట్టిగనే ఉంటది. కాలినంక చూడాలె."

ఇక అప్పటి నుంచి ప్రతి ట్రిప్పులో సగం దారిలో, ఒక పంక్చరు షాపు పక్కన బండి ఆపేవాడు. దిగి చుట్టూ తిరిగి నాలుగు మూతల్నీ కొట్టి వినేవాడు. సందేహం వస్తే నొక్కేవాడు, తీగ బిగించేవాడు. ఆదివారాలు నేను తోడు వెళ్ళేవాణ్ణి. వెనక టమాటలు ఎండకు మగ్గుతుంటే, ఈయన చక్రం ముందు గొంతుక్కూర్చొని చెవి పెట్టి వింటుంటే నాకు ఒళ్ళు మండేది. "దవాఖానల డాక్టరు గూడ గింతసేపు చూడడు బావా" అనేవాణ్ణి. "అందుకే గదా అక్కడికి పోవద్దనేది" అని నవ్వేవాడు.

ఒకసారి నేనున్నప్పుడే మూత ఊడింది. మంథని నుంచి వస్తున్నాం. ఎక్కడో ఊడిపోయిందని చాలా దూరం వచ్చాక తెలిసింది. బావ బండి తిప్పాడు.

"కొత్తది కొందాం పా బావా. నాకు దుకాణం తెరిచే టైమైతంది" అన్నాను.

"కొత్తది కొందాం. మరి పడ్డదాని సంగతేంది?"

"పడ్డది పడ్డది. పోనియ్."

"షిఫ్టు ఇడిశే టైము రా. బైకులన్ని ఇట్లనే వస్తయి. దాని మీదికి ఎక్కితే జారి పడరా?"

నేను మొహం తిప్పుకుని కూర్చున్నాను. దారంతా వెతుకుతూ వెనక్కి వెళ్ళాం. ఒక వంపు దగ్గర, సరిగ్గా రోడ్డు నడుమ, బోర్లా పడి ఉంది. బావ దాన్ని తెచ్చి తువ్వాలతో తుడిచి సీటు మీద పెట్టాడు. అప్పుడు చెప్పాడు. బాయిలో బొగ్గు టబ్బులు నడిచే పట్టాల మీద రాయి పడ్డా, చెక్క పడ్డా చూసినవాడే తీయాలట. అది తన డ్యూటీ కాదని ఎవరూ అనకూడదట. ఒకసారి చిన్న చెక్క ముక్కను ఎవరో చూసి, వెనకవాడు తీస్తాడులే అని దాటిపోయాడట. టబ్బు పట్టా తప్పి ఒకాయన కాలు పోయిందట.

"ఎవరు దాటిపోయింది?" అని అడిగాను.

"తెల్వదు. ఎవలు ఒప్పుకుంటరు? అందుకే ఎప్పుడన్నా దారిల ఏమన్నా కనబడితే, నేనే తీస్త. ఫికరుండది" అన్నాడు.

ఇవన్నీ నాకు తెలుసు కనుకనే దవాఖాన దగ్గర నాకు అంత కోపం వచ్చింది. ఊడిన మూతను వదలడని తెలుసు. ఇన్ని తీగలు, ఇన్ని ట్యూబు ముక్కలు, ఇన్ని మోతలు వినడాలు, ఆఖరికి మళ్ళీ ఊడనే ఊడింది, మనిషిని తీసుకుపోయింది అనుకున్నాను.

చావింట్లో అందరూ అదే అనుకున్నారు, బయటికే అనుకున్నారు. వచ్చినవాళ్ళు అక్క పక్కన కూర్చుని చేయి పట్టుకుని, "గంత చిన్న మూత కోసం..." అని ఆపేసేవాళ్ళు. ఆపేసిన చోట వాళ్ళు చెప్పదలచుకున్నదంతా ఉండేది. బావతో పని చేసినవాళ్ళు గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నారు. ఒకాయన, "బాయిల గన్నేండ్లు ఏం గాలే. పైకొచ్చినంక పాయె" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

అక్క ఏడవలేదు. నన్ను భయపెట్టింది అదే. గోలేటి నుంచి వచ్చిన కూతురు తల బాదుకుని ఏడుస్తుంటే, అక్క ఆమె వీపు నిమురుతూ పొడి కళ్ళతో గోడను చూస్తూ కూర్చుంది. చుట్టాలు పలచబడ్డాక నన్ను పిలిచింది.

"తమ్మీ, ఆ బండి ఎవలకన్న ఇచ్చెయ్. ఆ మూతలు నా కండ్లకు కనవడొద్దు."

"అట్లెందుకక్కా..."

"ఎందుకేంది? ఇంట్ల పెండ్లాం ఉన్నదని లేకపాయె. బిడ్డ ఉన్నదని లేకపాయె. ప్లాస్టికు మూత కోసం పోయిండని ఊరంత అంటంది. నేను ఏమని ఏడవాలె? మూత కోసం పోయినవా అని ఏడవాల్నా?"

ఇంత కాలం కలిసి బతికిన మనిషి కోసం అక్క మనసారా ఏడవలేకపోతోంది. చావు కంటే ఆ చావుకు ఊరు చెప్పిన కారణం ఆమెను ఎక్కువగా కోస్తోంది. ఏడిస్తే అవమానం, ఏడవకపోతే బరువు. అట్లా ఆమె రోజుల తరబడి ఒక్క కన్నీటి బొట్టు లేకుండా తిరిగింది. గోడకు తగిలించిన బావ ఫోటో వైపు కూడా చూసేది కాదు.

దినాల ముందు రోజు సామాన్లు తేవడానికి బండి కావలసి వచ్చింది. పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చి ఇంటి పక్కన పెట్టిందే తప్ప, అప్పటివరకు దాని దగ్గరికి ఎవరూ పోలేదు. దుమ్ము పట్టి ఉంటే కడుగుదామని బకెట్, చీపురు పట్టుకుని నేనే కూర్చున్నాను. ముందు ఎడమ చక్రం మీద నీళ్ళు పోస్తే పసుపు తీగ మెరిసింది. మూత ఉంది. వెనక ఎడమది కడిగాను, ఉంది. అటు తిరిగాను. వెనక కుడిది ఉంది. ఇక ఊడింది ముందు కుడిదే అయి ఉండాలని దాని ముందు కూర్చున్నాను. అదీ ఉంది. ఎర్ర తీగ, వెనక మెలి, అంచున ట్యూబు రబ్బరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చుట్టూ తిరిగాను. ఇంట్లోకి పోయి, అల్మారా పైన దాచిన సంచిలోంచి ఆ మూత తెచ్చి పక్కన పెట్టి చూశాను. నలుపు ఒకటే, సైజు దాదాపు ఒకటే. కానీ దానికి తీగ రంధ్రాలు లేవు. రబ్బరు అంటిన గుర్తు లేదు. వెనక పళ్ళల్లో రెండు ఎప్పుడో విరిగి ఉన్నాయి, పళ్ళ సందుల నిండా బొగ్గు మట్టి గడ్డకట్టి ఉంది. బావ చేయి పడ్డ మూత అట్లా ఉండదు. అది మా బండిది కాదు.

దినాల పనులు వదిలేసి స్కూటర్ తీసి మంథని రోడ్డు మీది పంక్చరు షాపుకు పోయాను. షాపాయన నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను.

"ఎప్పటి లెక్కనే ఆపిండన్నా. నాలుగు పక్కల తిరిగి కొట్టి సూసుకున్నడు. 'మంచిగున్నయా కాకా' అంటే 'ఫస్టుకలాసు' అన్నడు. ఎక్కబోతుంటే రోడ్డు మీద ఎవలదో క్యాపు కనవడ్డది. ముందల ఏ బండి పోయిందో, దానిదే పడ్డట్టుంది. అప్పుడే షిఫ్టు ఇడిశిండ్రు, బైకులు గుంపుగ వస్తున్నయి. చెయ్యి అడ్డం పెట్టి ఆళ్ళను పక్కకు పంపుకుంట పోయి వంగిండు. నేను మొత్తుకున్న, లారొస్తంది కాకా అని. ఇనవడలే."

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేం?"

"అడిగినోడు లేడన్నా" అన్నాడాయన.

ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆత్రం. అక్కకు చెప్పాలి, బావ మూత ఊడలేదని చెప్పాలి, అప్పుడు ఆమె మనసు తేలికవుతుంది. చెప్పాను. అక్క బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది.

"మనది కాదా?"

"కాదక్కా. మనయి నాలుగూ ఉన్నయి. సూస్తవా?"

"ఎవలది మరి?"

"తెల్వదు."

"ఎవలదో తెల్వనిదాని కోసం పోయిండా?" అంటూ లేచి నిలబడింది. చాట జారి బియ్యం పడ్డాయి. "ఎవడో పారేసుకున్న మూత ఈయనే తియ్యాల్నా? ఆ రోడ్డు మీద ఇంకో మనిషి లేడా? ఇంటికాడ నేనొక్కదాన్ని ఉన్ననని యాదికి రాలేదా నీకు?"

ఆఖరి మాట నాతో అన్నది కాదు. ఫోటో వైపు తిరిగి అన్నది. అంటూనే అక్కడే కూలబడి ఏడ్చింది. అన్ని రోజుల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. నేను పట్టుకోబోతే చేయి విదిలించింది. ఆ ఏడుపులో దుఃఖం ఎంతో, కోపం ఎంతో నేను చెప్పలేను. బావ చేసింది మంచి పనే. ఆ మంచి పని మా అక్కను ఒంటరిని చేసింది. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టుకుని బతకాల్సి వస్తోంది. ఏ ఒక్కటీ రెండోదాన్ని కొట్టేయడం లేదు.

దినాలు అయిపోయి, కూతురు గోలేటికి వెళ్ళిపోయాక, ఒక పొద్దున అక్క నా దుకాణానికి వచ్చింది.

"ఆ మూత యాడ వెట్టినవ్?"

"ఉన్నది. పారేద్దామనుకుంటున్న."

"పారేస్తే మల్ల దారిలనే గదా పడేది" అంది. "ఎవలదో ఆళ్ళకిద్దాం పా."

అది కుదిరే పని కాదన్నాను. ఈ ప్రాంతంలో ఆ రకం బండ్లు ఎన్ని ఉన్నాయో ఎవరికి లెక్క అన్నాను. ఆమె వినలేదు. మూత నాతో తీయించి తనే ముందు నడిచింది. పికప్‌లో ఇద్దరం కూరగాయల మార్కెట్‌కు పోయాం. పొద్దుటి వేళ పల్లెల నుంచి వచ్చిన బండ్లన్నీ వరసగా ఆగి ఉన్నాయి. అంతకు ముందు నేనెన్నడూ చక్రాలు చూసినవాణ్ణి కాదు, ఆ రోజు మనుషుల ముఖాలు చూడలేదు, చక్రాలే చూశాను. సగానికి సగం బండ్లకు మూతలు లేవు. ఆ సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. ఒక బండి దగ్గర పెట్టి చూస్తే పెద్దదైంది, ఇంకొకదానికి చిన్నదైంది. హమాలీలు మమ్మల్ని చూసి మాటలు తగ్గించారు. నాకు సిగ్గుగా ఉంది, వెళ్ళిపోదామనిపించింది.

వరస చివర ఒక బండి. దాని వెనక చక్రానికి మూత లేదు. అక్క వంగి పెట్టి చూసింది. సరిగ్గా కూర్చుంది. అప్పుడే క్యాబేజీ బస్తాలు దించేసి డ్రైవరు వచ్చాడు. నా వయసు మనిషే. బండి ఇంజను ఆడుతూనే ఉంది.

"అరె, దొరికిందా! యాడ దొరికిందక్కా?"

"మంథని రోడ్డు మీద" అంది అక్క.

"గట్లనా. ఎప్పుడు వడ్డదో, నేను సూసుకోనే లేదు. మంచిదక్కా." సంతోషంగా ఎక్కబోయి ఆగాడు. "మంథని రోడ్డు మీదనే గదా, గీ నడుమ ఒకాయన క్యాపు ఊడిందని ఉరికిపోయి లారీ కింద వడ్డది? ఇన్నరా? మూత కోసం పానం తీసుకున్నడు పాపం."

నా చేయి అతని కాలర్ వైపు వెళ్ళింది. అది అతని బండి మూతే కావచ్చు, కాకపోవచ్చు కూడా. నాకు ఇప్పటికీ తెలియదు. ఆ క్షణంలో మాత్రం అతన్ని కొట్టేవాణ్ణే. అక్క నా వైపు ఒక చూపు చూసింది. నేను ఆగిపోయాను.

"ఇన్న" అంది అక్క. "ఆయన క్యాపు ఊడలే. ఆయన బండికి నాలుగు నాలుగే ఉన్నయి. నేను సూసిన."

"అట్లనా? మరి ఎవలది తియ్యవోయిండు?"

అక్క చక్రం ముందు కూర్చుని, మూత అంచు చుట్టూ అరచేయి తిప్పుతూ నొక్కింది. ఒక్కొక్క పక్కా లోపలికి దిగుతున్న చప్పుడు నాకు వినిపించింది. చివరికి నడుమ చేయి పెట్టి అట్లాగే ఉండిపోయింది. వెనక ఇంకొక బండి హారను కొడుతోంది.

"సాలక్కా, పట్టుకున్నది. చెయ్యి తియ్యి, బండి తీస్త" అన్నాడతను.

అక్క తల వంచుకునే ఉంది. ఇంజను అదురుకు చక్రం, మూత, దాని మీద ఆమె చేయి సన్నగా వణుకుతున్నాయి. ఆమె చేయి తీయలేదు.